ఎనిమిది

మా స్కూలుకి గోడల్లేవు.
ఒక పాత మారుతీ, దాని నెత్తిన ఎర్రటి 'ఎల్',
నా కాలి కింద ఒక దొంగ బ్రేకు.
పొదలకూరు రోడ్డులో కరెంటు స్తంభానికి కట్టిన రేకు బోర్డు.
దాని మీద అంకె మార్చేది నేనే.
ఎర్రరంగు డబ్బా నాది, వెంట్రుకలూడిన బ్రష్షు నాది.

మొదట్లో మూడు వేలు.
మూడు మీద నాలుగు దిద్దా,
నాలుగు మీద ఆరు.
మొన్న ఉగాది దాటినాక ఎనిమిది రాశా.
రోహిణి ఎండలకి పైపూత పొక్కులొచ్చి రాలిపోతే
లోపలి మూడు తొంగిచూస్తుంది.
పిల్లకాయలు దాన్ని గోటితో గీకి
"ఇదుండాది గదన్నా, ఇదే తీసుకో" అంటారు.

ఏం చెప్పేది?
పెట్రోలు బంకు మీటర్ని అడగమననా,
ఇన్సూరెన్సు కాగితాన్ని అడగమననా?
కొత్తగా నేర్చే ప్రతి కాలూ
క్లచ్ ప్లేటుని ఇంత కొరుక్కోని పోతుంది.
నేను నేర్చింది లారీ మీద,
తడ చెక్‌పోస్టు కాడ క్లీనరుగా ఎక్కి.
నా ఫీజు రెండు చెంపదెబ్బలు, ఒక బూతు.
అది ఏ ఏడూ పెరగలా.

కామాక్షి వచ్చి బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.
రొయ్యల కంపెనీలో తలకాయలు తుంచే పిల్ల.
కిలోకి పన్నెండంట.
వేళ్ళ మీద లెక్కేసి
"ఆరొందల అరవై ఏడు కిలోలు" అని
తనలో తనే అనుకుంది.
ఫోను కవర్లో మడతపెట్టిన ఎల్లెల్లార్,
ఆరు నెలల గడువులో రెండు అప్పుడే కరిగిపోయినై.

తెల్లారి మూడింటికి కంపెనీ వ్యాను వస్తుందంట.
తోలేవాడు తూగుతుంటాడు,
వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు
వాడి కోసం మేలుకోనుంటారు.
ఆ వ్యాను తను తోలాలి. అంతే.

"అన్నా, వెనక సీట్లో కూర్చుంటే ఎంత?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ మాట.
నా బోర్డు మీద దానికి అంకె లేదు.
"పూటకి ఇరవై" అన్నా, నోటికొచ్చింది.

ముందు సీట్లో డాక్టరుగారబ్బాయి,
వాడి తరవాత బ్యాంకు మేనేజరు కూతురు,
వెనక కామాక్షి.
వెనక నించి కాళ్ళు కనపడవు.
అందుకని కళ్ళు మూసుకోని వినేది.
ఇంజను గొంతు బిగిసిన చోట తల ఊపేది,
ఆ ఊపు తరవాత ఎప్పటికో
డాక్టరు కొడుకు మూడో గేరుకి పొయ్యేవాడు.
రొయ్యల వాసనని వాడు అద్దం దించాడు.
నేను ఎక్కించా,
ఏసీ వేసుండాది గదా అని.

నెల తిరిగినాక ఒక ఆదివారం
బుజబుజనెల్లూరు అవతల, ఇంకా ఇళ్ళు లేవని ప్లాట్లలో
ముగ్గుపిండితో ఎనిమిది గీశా.
"రా, ముందుకి" అన్నా.

బండి ఆగిపోయింది.
మళ్ళీ ఆగిపోయింది.
మూడోసారి నా తలకాయ డ్యాష్‌బోర్డుకి తగిలింది.
చెవికొచ్చిన చదువు కాలికింకా అందలా.
ఐసులో నానిన వేళ్ళు, స్టీరింగు పట్టుకుంటే
పట్టుకున్నట్టు తెలవడం లేదంది.
చూసి పట్టుకోమన్నా.

నాలుగోసారి కదిలింది.
పై సున్నా చుట్టింది,
రెండు సున్నాలు కలిసే ఇరుకులో
ఊపిరి బిగబట్టి, కింది సున్నా కూడా చుట్టింది.
ముగ్గు మీద టైరు పడింది రెండు చోట్ల.
ఆపీ ఆపంగానే అడిగింది:
"ఈ చుట్టుకెంత?"

రాసుకుంటాలే అన్నా.
రాయలా.
జాలి గీలీ ఏం లేదు,
జేబులో పెన్ను లేదంతే.

సోమవారం బోర్డు కాడికి పోతే
ఎనిమిది ఇంకొంచెం రాలుండాది.
పెట్రోలు మళ్ళీ పెరిగిందన్నారు.
దిద్దాలి.
డబ్బా మూత స్క్రూడ్రైవర్తో లేపితే
లోపల రంగు రాయయి ఉంది.